కారుకు పట్టిన జిన్ను



రెండు నెలలుగా ఇక్కడ ఏమీ రాయలేదు. ఖైరియత్ అడుగుతూ మెసేజులు పెట్టిన అందరికీ షుక్రియా. ఆరోగ్యం బాగానే ఉంది, అల్‌హమ్‌దులిల్లాహ్. రాయబుద్ధి కాలేదు, అంతే. ఎందుకు కాలేదో చెప్పాలంటే మా కారు తలుపుల సంగతి చెప్పాలి. ఇదేం కథ అని నవ్వుకోకండి, చివరిదాకా చదవండి.

మాది ఆత్రేయపురం అని పాత పాఠకులకు తెలుసు. మా వైపు ‘లాకులు’ అంటే ముందు లొల్ల లాకులే గుర్తొస్తాయి. బొబ్బర్లంక నుంచి వచ్చే కాలవ మీద షట్టర్లు, చుట్టూ చెట్లు, సినిమావాళ్ల హడావుడి. ఈసారి ఆ లాకుల గురించి కాదు. కారు తలుపుల లాకుల గురించి, వాటితోపాటు నా గఫ్లత్ గురించి.

మాది పాత చిన్న కారు, సెకండ్ హ్యాండులో కొన్నది. కంపెనీలో తయారైనప్పుడు దానికి సెంట్రల్ లాకింగ్ లేదు. మొదటి ఓనరు బయట ఎక్కడో కిట్టు పెట్టించుకున్నాడు. రిమోటు నొక్కితే నాలుగు తలుపులూ ఒకేసారి పడతాయి, ఒకేసారి లేస్తాయి. డ్రైవరు తలుపు దగ్గర గుబ్బ నొక్కినా అంతే. కొన్న కొత్తలో మా ఇంటావిడ ఆ రిమోటు నొక్కి నొక్కి మురిసిపోయేది.

మా ఇంట్లో పూతరేకుల పని. జయ బియ్యప్పిండి పల్చగా కలిపి, బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట వేసి, గుడ్డ పిండిలో ముంచి కుండ మీద ఒక్క వేటు లాగితే రేకు వస్తుంది. మా ఇంటావిడ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇద్దరు కలిసి తీస్తారు. డబ్బాలు కట్టి రావులపాలెం, రాజమండ్రి చేరవేయడం నా వంతు. 2023లో మా ఊరి పూతరేకులకు జీఐ గుర్తింపు వచ్చాక మాకూ గిరాకీ పెరిగింది. డబ్బాలు పెరిగాయి, కారు తిరగడం పెరిగింది. రోజుకు ఐదారుసార్లు తీసి వేసే డ్రైవరు తలుపు పాతికసార్లు తీసి వేయాల్సి వచ్చింది. ఈ పాతిక లెక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

2025 రంజాన్‌లో మొదలైంది. ఒక రాత్రి తరావీ నుంచి వచ్చి కారు దిగి తలుపు వేశాను. రిమోటు నొక్కకుండానే ‘కట్’మని తలుపులన్నీ వాటంతటవే లాక్ అయిపోయాయి. తాళం చేతిలోనే ఉంది కాబట్టి పట్టించుకోలేదు. మర్నాడు మళ్లీ. ఆ తర్వాత రెండు రోజులు ఏమీ లేదు. తర్వాత ఒకే పూటలో మూడుసార్లు. మా ఇంటావిడ అంది: “అజీ, దీనికి జిన్ను పట్టింది. ఎవరికైనా చూపించండి.” అందరం నవ్వుకున్నాం. ఆ రోజు నుంచి ఇంట్లో దానిపేరు జిన్నే. ‘కట్’మన్నప్పుడల్లా పిల్లలు “జిన్ను సలాం చెప్పింది” అనేవాళ్లు.

ఇక్కడే నా సిగ్గు సంగతి చెప్పాలి. మా అబ్బాజాన్ రాజమండ్రిలో రేడియోలు రిపేరు చేసేవారు. పదేళ్లు రాకముందే నా చేతికి సోల్డరింగ్ కడ్డీ ఇచ్చారు. తీగ ఎక్కడ తెగితే ఏ చప్పుడు వస్తుందో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఒకసారి వచ్చి, ఒకసారి రాని జబ్బంటే ఎక్కడో తీగ ఊగిసలాడుతోందన్నమాట. తెలిసి కూడా రెండు నెలలు నవ్వుతూ తిరిగాను. కారు నడుస్తోంది కదా, పండగ అయ్యాక చూద్దాం, ఆర్డర్లు తగ్గాక చూద్దాం.

ఏప్రిల్‌లో చేవెళ్ల దగ్గర దామరగిద్దలో ఇద్దరు చిన్నపిల్లలు ఆగి ఉన్న కారులో చిక్కుకుని చనిపోయారని పేపర్లో చదివాను. “ఇన్నా లిల్లాహి” అనుకుని పేజీ తిప్పాను. మా వాకిట్లో నిలబెట్టిన కారు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

మే మొదటి వారంలో మా బేటీ పిల్లలతో హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చింది. నవాసాకు ఏడేళ్లు, నవాసీకి మూడు దాటాయి. ఆ చిన్నది నన్ను ఒక్క క్షణం వదలదు. “నానా, నానా” అంటూ వెనకే తిరుగుతుంది. (మా పక్కింటి పెద్దావిడకు ఇప్పటికీ వింతే, ఆ పిల్ల తాతను పట్టుకుని నాన్నా అంటుందేమిటని. మా భాషలో అమ్మ తండ్రిని అలాగే పిలుస్తారండీ అని ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను.)

ఆ రోజు నెయ్యి కోసం రావులపాలెం వెళ్తే వెంట వచ్చింది. తిరుగుదారిలో వెనక సీట్లో నిద్రపోయింది. ఏసీ వేశాను కాబట్టి అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఇంజను ఆపాను. తాళం దాని కన్నంలోనే వదిలేశాను. ముందు నేతి డబ్బా లోపల పెట్టేసి, తర్వాత పిల్లను భుజాన వేసుకుని వెళ్దామనుకున్నాను. రెండు చేతుల్లో డబ్బా ఉంది, నడుంతో తలుపు నెట్టాను.

కట్.

ఆ చప్పుడు నాకు వినపడింది. వినపడలేదని అబద్ధం చెప్పలేను. విని కూడా లోపలికి నడిచాను. రెండు నెలల్లో చెవి దానికి అంతగా అలవాటు పడిపోయింది.

డబ్బా దించాను. కూజాలో నీళ్లు తాగాను. ఎవరిదో ఫోనొస్తే ఆర్డరు రాసుకున్నాను. బయటికొచ్చి వెనక తలుపు లాగితే రాలేదు. ముందు తలుపు రాలేదు. అటువైపు వెళ్లి లాగాను. తాళం అద్దంలోంచి కనపడుతోంది. “అబ్బా, రెండో తాళం ఎక్కడ?” అంటూ బేటీ పరిగెత్తుకొచ్చింది. రెండో తాళం కూడా అదే గుత్తికి ఉంది. పోకుండా ఉంటుందని నేనే రెండూ కలిపి గుచ్చాను.

పిల్ల ఇంకా నిద్రలోనే ఉంది. జుట్టు నుదుటికి అతుక్కుపోయి, చెంపలు కందిపోయి ఉన్నాయి. అద్దం మీద బాదాం. ఏడుస్తూ లేస్తుందనుకున్నాను, కాసేపటి దాకా లేవలేదు. నాకు కాళ్లలో సత్తువ పోయింది. చివరికి కళ్లు తెరిచింది. వాళ్లన్న అద్దానికి ముఖం ఆనించి “గుబ్బ పైకి లాగు, లాగు” అని సైగ చేస్తున్నాడు. దానికేం తెలుసు? నన్ను చూసి, ఎత్తుకోమని రెండు చేతులూ చాచింది.

ఇటుక తెచ్చి అద్దం నడిమధ్యలో కొట్టాను. ఇటుక ముక్కలైంది, అద్దం అలాగే ఉంది. ఎదురింటి ఆటో కుర్రాడు వీల్ స్పానర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. “ఆగండి సాయిబుగారూ! మధ్యలో కొడితే పగలదండి. పాప ఇటుందండి, అటు అద్దం మూలన కొడదాం.” స్పానర్ మొనతో కింది మూలలో ఒక్కటిచ్చాడు. అద్దమంతా ఉప్పుగల్లులా జలజలా రాలిపోయింది. చెయ్యి లోపల పెట్టి గుబ్బ లాగాడు. నేను తలుపు వేసిన దగ్గర్నుంచి అప్పటికి పన్నెండు నిమిషాలు. ఆ సంగతి నా ఫోనులో ఆర్డరు కాల్ వచ్చిన టైము చూసి తర్వాత లెక్క కట్టుకున్నాం.

తడిగుడ్డతో ఒళ్లు తుడిచారు. గుక్కగుక్కగా నీళ్లు పట్టారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే భయం లేదన్నారు. సాయంత్రానికి మళ్లీ “నానా” అంటూ నా వెనకే తిరిగింది. అల్లాహ్ దయ, ఇంకేం చెప్పను.

బయట ఎండ ఎంతున్నా, మూసిన కారు లోపల మొదటి పది నిమిషాల్లోనే మరో పది డిగ్రీలు పెరుగుతుంది. ఇరవై నిమిషాల్లో పదహారు డిగ్రీల దాకా. పైగా పెద్దవాళ్ల కంటే పసిపిల్లల ఒళ్లు మూడు నుంచి ఐదు రెట్లు తొందరగా వేడెక్కుతుంది. ఇవన్నీ నేను ఆ రాత్రి నిద్రపట్టక చదువుకున్నవి.

బేటీ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. మర్నాడు మాత్రం నెమ్మదిగా చెప్పింది: “అబ్బా, మీ మీద నాకు కోపం లేదు. కానీ ఆ కారులో నా పిల్లలు ఎక్కరు.” ఆ తర్వాత వాళ్ల ఖాలా ఇంటికి వెళ్లాలన్నా, వాడపల్లి దాకా వెళ్లాలన్నా ఆటోనే. వాకిట్లో కారు ఉండగా నా మనవలు ఆటో ఎక్కుతుంటే వీధిలో నలుగురూ చూసేవాళ్లు.

అద్దం వెంటనే వేయించాను. అదే చేత్తో టౌనులో ఒక షాపులో లాకులు చూపిస్తే, మూత విప్పకుండానే “కిట్టు మొత్తం మార్చెయ్యాలండి, మూడు వేల ఐదొందలు” అన్నాడు. పాడైంది ఏమిటని అడిగితే “అన్నీ పాడే” అన్నాడు. అబ్బాజాన్ ఎప్పుడూ అనేవారు, ఏది పాడైందో చెప్పలేనివాడే అన్నీ మారుస్తాడని. వద్దని వచ్చేశాను. వచ్చి, నేనైనా విప్పానా అంటే అదీ లేదు. ఆ తలుపు ముట్టుకుంటే ఆ అద్దం వెనక చాచిన చేతులు కనపడేవి. కారును కొబ్బరిచెట్టు కింద పెట్టి, అవసరమైతేనే తీసేవాణ్ణి.

మే 18, ఆదివారం. విజయనగరం దగ్గర ద్వారపూడి. ఆగి ఉన్న కారులోకి ఆడుకోవడానికి ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు లాక్ అయిపోయి బయటికి రాలేక లోపలే చనిపోయారు. నలుగురు. మర్నాడు పొద్దున బేటీ పేపరును ఆ పేజీ పైకి వచ్చేలా మడిచి నా చాయ్ పక్కన పెట్టి వెళ్లిపోయింది. చాయ్ తాగలేకపోయాను. లేచి అటక మీంచి అబ్బాజాన్ పెట్టె దించాను. సోల్డరింగ్ కడ్డీ, మీటరు, స్క్రూడ్రైవర్లు. నవాసాను పిలిచి “ఇవాళ్టి నుంచి నువ్వు నా షాగిర్దువి” అన్నాను. వాడు చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

“పహలే దేఖ్, ఫిర్ ఛూ” అనేది అబ్బాజాన్ ఉసూల్. ముందు చూడు, తర్వాతే ముట్టు. అందుకని ముందు ఏమీ విప్పలేదు. అద్దాలన్నీ దించి, తాళాలు జేబులో పెట్టుకుని రిమోటు నొక్కాను. మూడు గుబ్బలు పడ్డాయి, ఎడమవైపు వెనక తలుపు గుబ్బ మాత్రం కదల్లేదు. మళ్లీ నొక్కితే మూడూ లేచాయి, అది మళ్లీ కదల్లేదు. అంటే రోగాలు రెండు. దాన్నెప్పుడూ గమనించనే లేదు. ఆ తలుపు ఒక్కటి ఎప్పుడూ చేత్తో వేసుకోవడమే మాకు అలవాటైపోయింది. ఆ మధ్యాహ్నం కూడా రావులపాలెంలో పిల్లను ఎక్కించి ఆ గుబ్బ నేనే నొక్కాను.

ఇలాంటప్పుడు ఒక చిన్న హిసాబ్ ఉంది. ఏ తలుపూ కదలకపోతే ఫ్యూజు, బ్యాటరీ, లేదా స్టీరింగు కింద ఉండే కంట్రోలు డబ్బా చూడాలి. ఒక్క తలుపే కదలకపోతే ఆ తలుపులోనే చూడాలి. అన్నీ కదులుతూ, చెప్పకుండా కదులుతుంటే ఆజ్ఞ ఇచ్చే చోట చూడాలి. మాలాంటి కిట్లలో ఆజ్ఞ ఇచ్చేది డ్రైవరు తలుపు.

ప్రతి తలుపులోనూ ఒక చిన్న మోటారు ఉంటుంది, యాక్చుయేటర్ అంటారు. మూడు తలుపుల్లో వాటికి రెండేసి తీగలే. కరెంటు ఒక దిక్కున వెళ్తే గుబ్బ పడుతుంది, తిరగేసి వెళ్తే లేస్తుంది. అదీ ఒక్క క్షణమే, ఆగకుండా ఇస్తే మోటారు కాలిపోతుంది. డ్రైవరు తలుపులో మాత్రం ఐదు తీగలు. రెండు మోటారువి. మిగతా మూడు సన్నవి: ఒకటి ఎర్త్, ఒకటి ‘వెయ్యి’ అని చెప్పేది, ఒకటి ‘తియ్యి’ అని చెప్పేది. గుబ్బ నొక్కినప్పుడు ‘వెయ్యి’ తీగ ఎర్త్‌కు తగులుతుంది. కంట్రోలు డబ్బా దాన్ని చూసి నాలుగు తలుపులకూ కరెంటు పంపుతుంది. కారులో ఎర్త్ అంటే కారు ఇనుప ఒళ్లంతా ఎర్తే. ఇప్పుడు చెప్పండి, ఆ సన్న తీగ తోలు ఊడి, ఎక్కడైనా కారు రేకుకు తగిలితే ఏమవుతుంది? ఎవరూ నొక్కకుండానే డబ్బాకు ‘వెయ్యి’ అన్న మాట చేరుతుంది.

డ్రైవరు తలుపు పదిసార్లు వేసి చూశాను. నాలుగుసార్లు దానంతటదే లాక్ అయింది. తర్వాత తలుపు నెమ్మదిగా, అంగుళం అంగుళం కదిపాను. సగం మూసుకునే చోట ‘కట్’. అక్కడే ఆపేసి, తలుపుకూ కారుకూ మధ్య తీగలు వెళ్లే రబ్బరు గొట్టాన్ని రెండు వేళ్లతో నొక్కాను.

కట్. కట్. కట్.

“నానా! జిన్ను దొరికింది!” అని నవాసా ఎగిరాడు. లోపలి నుంచి వాళ్ల నానీ కూడా వచ్చి చూసింది. నేను ఇంకోసారి నొక్కి చూపించాను. తను నవ్వలేదు.

బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీశాను. డోర్ ప్యాడు విప్పడంలో పెద్ద మర్మం లేదు. చేతి ఆనుపు కింద రెండు స్క్రూలు, లోపలి హ్యాండిల్ దగ్గర ఒకటి. అద్దం తిప్పే వైండర్ ఒక్కటే మొండికేస్తుంది. దాని వెనక గుర్రపునాడా ఆకారంలో ఒక తీగ క్లిప్పు దాగి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ప్యాడు చిరుగుతుంది. పాత నూలుగుడ్డ వైండర్ వెనక దూర్చి, బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగితే క్లిప్పు దానంతటదే బయటికి వస్తుంది. ఒక్కోసారి ఎగిరి ఎక్కడో పడుతుంది కాబట్టి షాగిర్దును చెయ్యి అడ్డం పెట్టమన్నాను. ప్యాడు చుట్టూ ప్లాస్టిక్ గుండీలు, వెడల్పు స్క్రూడ్రైవర్‌కు గుడ్డ చుట్టి ఒక్కోటీ లేపాలి. విప్పిన స్క్రూలన్నీ పూతరేకుల డబ్బా మూతలో, విప్పిన వరసలోనే నవాసా పేర్చాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు కూడా.

రబ్బరు గొట్టం లాగి చూస్తే కథంతా అక్కడే ఉంది. కిట్టు పెట్టినవాళ్లు కారు రేకుకు కన్నం కొట్టి, అంచుకు రబ్బరు వేయకుండానే తీగలు దూర్చేశారు. పైన గొట్టం తొడిగారు కానీ దాని చివర కన్నంలో కూర్చోనే లేదు. తలుపు తీసినప్పుడల్లా, వేసినప్పుడల్లా తీగలు ఆ పదునైన అంచు మీద రాసుకున్నాయి. రోజుకు పాతికసార్లు, రెండేళ్లు. సన్న తీగల్లో ఒకదాని తోలు అంగుళం మేర ఊడిపోయింది. లోపలి రాగి పోగుల్లో సగం తెగి, ముళ్లలా లేచి, రేకుకు తగులుతున్నాయి. మిగతా పోగులకు పచ్చటి చిలుము పట్టింది. ఇంకో తీగ పైకి నిక్షేపంలా ఉంది. చేత్తో వంచితే లోపల ఏమీ లేనట్టు వాలిపోయింది. పూతరేకు కూడా అంతే, పైన మడత బాగానే ఉంటుంది, లోపల విరిగింది తినేటప్పుడు కానీ తెలియదు.

ఇక్కడ చాలామంది చేసేది ఒకటుంది. తెగిన చోట మెలిపెట్టి నల్లటేపు చుట్టేస్తారు. గోదావరి గాలికి, ఈ చెమ్మకు ఆ టేపు జిగురు కారిపోయి ఒక్క వర్షాకాలం నిలవదు. పైగా ఒంగే చోట అతుకు ఉండకూడదు. నేను ఐదు తీగలూ జానెడు మేర కోసేసి, సన్నపోగుల మెత్తటి కొత్త తీగ కొంచెం వదులుగా వేశాను. ఒక పక్క అతుకులు తలుపు లోపలికి, ఇంకో పక్క అతుకులు డ్యాష్‌బోర్డు కిందికి వచ్చేలా చూశాను. అతుకులన్నీ ఒకే చోట పడకుండా ఒకటి ముందు, ఒకటి వెనక. సోల్డరింగ్ చేసి, మీద వేడికి ముడుచుకునే స్లీవు. ఆ స్లీవు సోల్డరింగుకు ముందే తీగకు తొడగాలి, మరిచిపోతే చేసిందంతా మళ్లీ విప్పుకోవాలి. మూడో తీగకు నేను మరిచిపోయాను. “నానా, గొట్టం!” అని షాగిర్దు అరిచేసరికి ఆలస్యమైపోయింది. నలభై ఏళ్ల అనుభవం, ఏమనుకోవాలి!

కన్నం అంచును ఆకురాయితో నున్నగా రాసి, తుప్పు పట్టకుండా రంగు పూసి, రబ్బరు గ్రోమెట్ తొడిగాను. తీగ, స్లీవులు, గ్రోమెట్ కలిపి వంద రూపాయలు కూడా కాలేదు. ఈ లెక్క బేటీకి చెప్పలేదు. వంద రూపాయల పని రెండు నెలలు ఎందుకు ఆపారని అడిగితే జవాబు లేదు.

రెండో రోజు ఎడమవైపు వెనక తలుపు. ప్యాడు విప్పి, మోటారు ప్లగ్గు ఊడదీసి, దాని తీగలకు చిన్న 12 వోల్టుల బల్బు తగిలించాను. మీటరు పెట్టొచ్చు కానీ అంకె కుదురుకునేలోపే కరెంటు వచ్చి వెళ్లిపోతుంది, కంటికి బల్బే సులువు. రిమోటు నొక్కితే బల్బు మెరిసింది. అంటే తీగలు బాగున్నాయి, కరెంటు వస్తోంది, మోటారే చచ్చింది. మోటారు బయటికి తీసి బ్యాటరీకి ఒక్క క్షణం తగిలించాను, తిరగేసి తగిలించాను. కదల్లేదు. విప్పితే లోపలంతా తుప్పు.

నీళ్లెలా వచ్చాయి? తలుపు లోపలికి వాననీళ్లు రావడం మామూలే, అద్దం పక్క సందులోంచి దిగుతాయి. దిగిన నీళ్లు పోవడానికి తలుపు అడుగున కన్నాలు ఉంటాయి. మా తలుపుకు ఆ కన్నాలు మట్టితో, కొబ్బరిపువ్వు రజనుతో పూడిపోయి ఉన్నాయి. లోపలి ప్లాస్టిక్ షీటు కూడా సగం చిరిగి వేలాడుతోంది. కాలవలకు నీళ్లు వదిలే ముందు లాకుల షట్టర్లకు గ్రీజు పెట్టడం, చెత్త తీయడం పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాణ్ణి, నా కారు తలుపు కన్నాలు ఒక్కనాడు పుల్ల పెట్టి చూడలేదు. పుల్ల పెట్టాను, బురదనీళ్లు కారాయి. కొత్త రెండు తీగల మోటారు వేసి, గుబ్బకు వెళ్లే ఇనుప కడ్డీ వంకర లేకుండా సరిచేసి, కొత్త షీటు అంటించాను. కడ్డీ కొంచెం వంకరున్నా మోటారు దాన్ని లాగలేక కొట్టుకుంటుంది, అదీ చూసుకోవాలి.

అబ్బాజాన్ రిపేరు చేసిన రేడియోను ఆ రోజే ఇచ్చేవారు కాదు. ఒక పూటంతా మోగించి, తట్టి, కదిపి, అప్పుడు ఇచ్చేవారు. మేమూ తలుపులు వంద సార్లు తీసి వేశాం. నవాసా బొగ్గుతో గోడ మీద ఐదేసి గీతలు గీశాడు. ఒక్కసారి కూడా దానంతటదే పడలేదు. ఆ గీతలు ఇంకా ఉన్నాయి, మా ఇంటావిడ సున్నం వేయనివ్వడం లేదు.

లాకు బాగైంది కదా అని నిశ్చింతగా ఉండిపోకూడదు. అందుకని ఇంకో రెండు పనులు చేశాం. రెండో తాళం గుత్తి నుంచి తీసి వంటింటి గుమ్మం పక్క మేకుకు తగిలించాను, ఇంట్లో అందరికీ తెలుసు. దిగే ముందు తాళం చేతిలోకి తీసుకుని, డ్రైవరు అద్దం సగం దించాకే దిగుతాను. మీరు కూడా ఇవాళే మీ రెండో తాళం ఎక్కడుందో చూసుకోండి. ఇంటి ముందు ఆపిన కారును ఖాళీదే కదా అని తెరిచి వదలకండి. ద్వారపూడిలో పిల్లలు ఆడుకోవడానికే ఎక్కారు. చాలా కార్లలో తాళం లేకపోయినా హారన్ మోగుతుంది. లోపల చిక్కుకుంటే అది నొక్కుతూనే ఉండాలని పిల్లలకు నేర్పండి. ఎవరైనా చిక్కుకుంటే తాళాల కోసం వెతుకుతూ కూర్చోకుండా, మనిషికి దూరంగా ఉన్న పక్క అద్దం మూలన మొనదేలిన ఇనుముతో కొట్టండి. ముందు అద్దం జోలికి పోకండి, దాని మధ్యలో పొర ఉంటుంది, పగిలినా ఊడి రాదు. ఇంకొకరు 112కు ఫోను చెయ్యండి. అద్దం ఖర్చు గురించి ఆ క్షణంలో ఆలోచించకండి.

బేటీకి ఏమీ చెప్పలేదు. చెప్పే హక్కు నాకు లేదనిపించింది. నవాసా మాత్రం ఊరంతా చెప్పాడు.

బక్రీద్ అయిన మూడో రోజు సాయంత్రం వాళ్ల ప్రయాణం. రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. నేను ఆటో కుర్రాణ్ణి పిలవబోతుంటే బేటీ బయటికొచ్చి “ఉండండి అబ్బా” అంది. నా చేతిలోంచి తాళం తీసుకుంది. అద్దాలన్నీ దించింది. డ్రైవరు తలుపు తీసింది, వేసింది. తీసింది, వేసింది. పదిసార్లు. తర్వాత వంగి ఆ రబ్బరు గొట్టాన్ని రెండు వేళ్లతో నొక్కింది. కొడుకు చెప్పినట్టున్నాడు. ఏ చప్పుడూ రాలేదు. ఇంకోసారి గట్టిగా నొక్కింది. అప్పుడు తాళం నాకిచ్చి, లోపలికి వెళ్లి చిన్నదాన్ని ఎత్తుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టి, పక్కనే తను కూర్చుంది.

బొబ్బర్లంక దాటి బ్యారేజీ మీద నెమ్మదిగా పోనిచ్చాను, పిల్లలు గోదావరిని చూస్తారని. ధవళేశ్వరం దిగాక మంచినీళ్ల సీసా కొందామని ఒక కొట్టు ముందు ఆపాను. నేను తలుపు మీద చెయ్యి వేశానో లేదో, వెనక నుంచి చెయ్యి నా భుజం పక్కకు వచ్చింది.

“తాళం ఇటివ్వండి, అబ్బా.”

ఇచ్చి దిగాను.